కాసేపు నడిచి ఆగిపోయే మోటారు
(ఉపకార వేతనాల పంపిణీ సభలో ఒక బోటు మోటారు మెకానిక్ చేసిన ప్రసంగ పాఠం)

 

నాకు ముందు మాట్లాడినవారందరూ పెద్ద చదువులు చదివినవారు. నేను పదో తరగతితో ఆపేసినవాణ్ణి. పూరీ పెంటకోటలో పుట్టాను. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, షెడ్డులో రెండూ కలిపి. కాబట్టి నా మాటల్లో తప్పులు దొర్లితే మన్నించాలి. ఇరవై ఏళ్లకు పైగా అవుట్‌బోర్డు మోటార్లు బాగుచేస్తున్నాను. ట్రస్టు పెద్దలు ఫోను చేసి పిల్లలకు పనికొచ్చేది ఏదైనా చెప్పమన్నారు. నాకు తెలిసింది మోటార్లే. అందులోనూ మా పనివాళ్లను అన్నిటికంటే ఎక్కువ ఏడిపించే జబ్బు ఒకటుంది. దాని గురించే చెబుతాను.

బెంగళూరు నుంచి, షోలాపూర్ నుంచి వచ్చిన పిల్లలు అవుట్‌బోర్డు మోటారు చూసి ఉండకపోవచ్చు. బోటు లోపల కాకుండా వెనక చెక్కకు బయట బిగించే మోటారు ఇది. పైన ఇంజను, కింద నీళ్లలో ఫ్యాను. తాడు లాగితే స్టార్టవుతుంది. పెట్రోలు ట్యాంకు వేరే ఉంటుంది, బోటులో కాళ్ల దగ్గర. ట్యాంకు నుంచి మోటారుకు ఒక రబ్బరు పైపు, ఆ పైపు మధ్యలో కోడిగుడ్డు ఆకారంలో ఒక రబ్బరు బల్బు. స్టార్టు చేసే ముందు ఆ బల్బును చేత్తో నొక్కి పెట్రోలు పైకి ఎక్కిస్తారు. ఆ తర్వాత మోటారుకున్న చిన్న పంపే పెట్రోలు లాక్కుంటుంది. యానాం పిల్లలకూ, మా పూరీ పిల్లలకూ ఇదంతా చెప్పక్కర్లేదు. వాళ్లు నవ్వుతున్నారు కూడా.

జబ్బు ఏమిటంటే, మోటారు మొదటి లాగుకే స్టార్టవుతుంది. అరగంట దర్జాగా నడుస్తుంది. తర్వాత ఆగిపోతుంది. పది నిమిషాలు ఊరుకుని మళ్లీ లాగితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. కొంతసేపటికి మళ్లీ ఆగుతుంది. పూర్తిగా చెడిపోయిన మోటారును బాగుచేయడం సులువు. ఎందుకంటే అది షెడ్డులోనూ చెడిపోయే ఉంటుంది. ఇది అలా కాదు. సముద్రంలో చెడిపోతుంది, షెడ్డుకు వచ్చేసరికి బాగుంటుంది.

2006 శీతాకాలంలో మా చిన్నాన్న ఇదే జబ్బుతో మోటారు తెచ్చాడు. 9.9 గుర్రాల టూ స్ట్రోక్ మోటారు. నేను అప్పటికి సొంతంగా షెడ్డు పెట్టి రెండేళ్లయింది. కుర్రతనం, కాస్త పేరు వచ్చిందన్న పొగరు. చిన్నాన్న చెప్పడం మొదలుపెట్టాడు.

"అరగంట నడిచి ఆగిపోతందిరా. ట్యాంకు నిండా పోసుకుని ఎల్తే మరీ బేగి ఆగిపోతంది. సగం ట్యాంకుంటే కొంచెం దూరం పోతంది."

"ట్యాంకుదేముంది చిన్నాన్నా, వేడెక్కాక ఆగుతోంది, చల్లబడ్డాక ఎక్కుతోంది. కాయిల్ పోయింది" అన్నాను. ఆయన మాట పూర్తి కానివ్వలేదు.

నేనన్నది ఉత్త గాలిమాటేమీ కాదు. ప్లగ్గుకు నిప్పురవ్వ అందించే కాయిల్‌లో సన్నటి తీగ చుట్లు ఉంటాయి. ఎక్కడైనా ఆ తీగ విరిగితే, చల్లగా ఉన్నంతసేపు రెండు కొసలూ ఆనుకునే ఉంటాయి. వేడికి సాగి విడిపోతే నిప్పు ఆగిపోతుంది. చల్లబడితే మళ్లీ కలుస్తాయి. ఇది నిజంగా వచ్చే జబ్బే, నేను చాలా చూశాను. అందుకే చూడకుండానే చెప్పేశాను. కాయిల్ మార్చాను. డ్రమ్ములో నీళ్లు పోసి, మోటారు దింపి పావుగంట నడిపించాను. చక్కగా నడిచింది. డబ్బు తీసుకుని పంపాను.

నాలుగు రోజులకు మళ్లీ వచ్చాడు. అదే జబ్బు. ఈసారి సీడీఐ పెట్టె మార్చాను. మళ్లీ డ్రమ్ములో నడిపించాను. మళ్లీ చక్కగా నడిచింది. రెండు సార్లకూ కలిపి 6,000 రూపాయలు దాటింది. ఆ డబ్బు చిన్నాన్న చేపలు కొనే సావుకారు దగ్గర అప్పు తెచ్చాడు. ఆ అప్పు సంగతి బోటువాళ్ల ఇళ్లలో పుట్టిన పిల్లలకు తెలుసు. తీరేదాకా చేపలు అతనికే ఇవ్వాలి, అతను చెప్పిన రేటుకే ఇవ్వాలి. అప్పుడు మా చెల్లెలు, అంటే చిన్నాన్న కూతురు, ప్లస్ టూ మొదటి సంవత్సరం సైన్సు చదువుతోంది. ఫీజుకని పక్కన పెట్టింది పాత అప్పు వడ్డీకి పోయింది. ఆ ఏడు కాలేజీ మానేసింది.

మూడోసారి మోటారు ఆగినప్పుడు తీరం కనబడనంత దూరంలో ఉన్నారు, చిన్నాన్న, మరో ఇద్దరు. చీకటి పడుతోంది, అల లేచింది. పది నిమిషాలు ఆగే ఓపిక ఎవరికి ఉంటుంది? లాగారు, లాగారు, స్టార్టర్ తాడు తెగిపోయింది. లంగరు వేస్తే నేల అందలేదు. నవంబరు, డిసెంబరు నెలల్లో మా వైపు గాలీ, నీటి ప్రవాహమూ రెండూ నైరుతి దిక్కుకే లాగుతాయి. రాత్రంతా కొట్టుకుపోయారు. మర్నాడు మధ్యాహ్నం చిల్కా మొగకు ఎదురుగా వేరే ఊరి బోటువాళ్లు చూసి, కట్టి లాక్కొచ్చారు. ఆ రాత్రి పెంటకోట ఒడ్డున మా పిన్ని పక్కన కూర్చున్నాను. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

తర్వాత మోటారును నాకు పని నేర్పిన గురువుగారి దగ్గరకు మోసుకెళ్లాను. ఆయన కవరు కూడా విప్పలేదు. "ట్యాంకేదిరా?" అన్నారు. నేను తేలేదు. ఎందుకు తెస్తాను? జబ్బు మోటారుది కదా. డ్రమ్ములో నడిపించినప్పుడు కూడా నా షెడ్డు ట్యాంకూ, నా పైపే తగిలించాను. చిన్నాన్న ట్యాంకును ఒక్కసారి కూడా పరీక్షించలేదన్నమాట. గురువుగారు బోటుకే వచ్చి, దాని ట్యాంకుతోనే, ఒడ్డుకు దగ్గరగా నీళ్లలో నడిపించారు. ముప్పావుగంటకు మోటారు దగ్గింది, వేగం తగ్గింది, మళ్లీ అందుకుంది, మళ్లీ దగ్గి ఆగిపోయింది. ఆయన వెంటనే వంగి పైపు మీది బల్బును తడిమారు. నా చెయ్యి పట్టుకుని దాని మీద పెట్టారు. బల్బు అప్పడంలా అణిగిపోయి ఉంది. తర్వాత ట్యాంకు మూత కొంచెం తిప్పారు. బుస్సుమని గాలి లోపలికి పోయింది. బల్బు మళ్లీ గుండ్రంగా తేరుకుంది. నాలుగుసార్లు నొక్కి తాడు లాగితే మోటారు స్టార్టయింది. పది నిమిషాలు కాదు, ఒక్క నిమిషం కూడా ఆగలేదు మేము.

ఆ ట్యాంకు మూత మీద గాలి కోసం చిన్న స్క్రూ ఒకటి ఉంటుంది. బోటు నడిచేటప్పుడు దాన్ని వదులు చేయాలి. పెట్రోలు బయటకు పోయిన మేరకు గాలి లోపలికి రావాలి కదా. చిన్నాన్న ప్రతిసారీ దాన్ని వదులు చేస్తూనే ఉన్నాడు. కాని దాని కింది సన్నటి కంత ఉప్పుతో పూడుకుపోయింది. స్క్రూ తిరుగుతుంది, గాలి పోదు. పెట్రోలు తగ్గేకొద్దీ ట్యాంకులో ఒత్తిడి పడిపోయి, మోటారు పంపు ఎంత లాగినా పెట్రోలు రాని స్థితి వస్తుంది. పది నిమిషాలు ఊరుకుంటే మూత మరల సందుల్లోంచి కొంత గాలి జొరబడుతుంది. మోటారు మళ్లీ కాసేపు నడుస్తుంది. మేమంతా అది "చల్లబడింది" అనుకున్నాం. ఒక సూదితో పోయే జబ్బుకు కాయిలూ, సీడీఐ మార్చాను.

ఆ ఆదివారం చిన్నాన్న ఇంటికి వెళ్లి నా తప్పు ఒప్పుకున్నాను. గడపలో చెల్లెలు కూర్చుని వల అల్లుతోంది. అంతా విని, "నిండు ట్యాంకుతో బేగి ఆగిపోతందని నాన్న చెప్పాడు కదన్నయ్యా?" అంది. లోపలికెళ్లి తన ఫిజిక్సు పుస్తకం తెచ్చింది. బాయిల్ నియమం. 1662లో రాబర్ట్ బాయిల్ ప్రచురించినది. వేడి మారకుండా ఉంటే, కొంత గాలికి చోటు రెట్టింపు చేస్తే దాని ఒత్తిడి సగమవుతుంది. పెన్సిలుతో లెక్క వేసి చూపించింది. 24 లీటర్ల ట్యాంకులో 23 లీటర్ల పెట్రోలుంటే పైన గాలి ఒక్క లీటరే. ఒక లీటరు పెట్రోలు ఖర్చయితే గాలి చోటు రెండు లీటర్లవుతుంది, ఒత్తిడి సగానికి పడిపోతుంది. అదే 12 లీటర్లుంటే పైన 12 లీటర్ల గాలి. ఒక లీటరు పోతే 13 అవుతుంది, ఒత్తిడి పెద్దగా తగ్గదు. నిజం ట్యాంకులో లెక్క ఇంత ఖచ్చితంగా రాదు. పెట్రోలు ఆవిరి చేరుతుంది, ట్యాంకు గోడలు లోపలికి వంగుతాయి, సందుల్లోంచి కొంత గాలి వస్తుంది. కాని నిండు ట్యాంకు ముందు ఆగుతుందన్నది మారదు. కాయిల్ పోతే ట్యాంకులో ఎంత పెట్రోలుందన్నది దానికి తెలియదు కదా! అంటే చిన్నాన్న మొదటి రోజు, మొదటి నిమిషంలో, జబ్బు ఎక్కడుందో నాకు చెప్పేశాడు. బడి చదువు లేని మనిషి సరిగ్గా చూసి చెప్పాడు. పని తెలుసుననుకున్న మనిషి వినలేదు. ఆ లెక్క తెలిసిన పిల్ల నా మూలంగా ఇంట్లో కూర్చుని ఉంది.

డబ్బు వాయిదాల మీద తిరిగి ఇచ్చాను. ఆ సంవత్సరాన్ని మాత్రం తిరిగి ఇవ్వలేకపోయాను. చెల్లెలు మరుసటి ఏడు మళ్లీ చేరి, తర్వాత నర్సింగు చదివింది. ఇప్పుడు ఇదే బరంపురంలో పనిచేస్తోంది. ఎక్కడ కనబడినా "అన్నయ్యా, కాయిల్ బాగుందా?" అని పలకరిస్తుంది.

ఇక పని చెబుతాను. ముఖ్యంగా బోటు ఉన్న ఇళ్ల పిల్లలు వినండి.

మోటారు ఎలా ఆగిందో ముందు గుర్తు పెట్టుకోవాలి. స్విచ్చి కట్టినట్టు టక్కున ఆగితే నిప్పు పోయి ఉండవచ్చు. దగ్గుతూ, తగ్గుతూ, అందుకుంటూ ఆగితే ఎక్కువసార్లు పెట్రోలు అందడం లేదని అర్థం. బరువు మోస్తున్నట్టు మూలుగుతూ వేగం తగ్గి ఆగితే, తర్వాత తాడు లాగినా బిగుతుగా ఉంటే, వేడెక్కిపోయింది. అది చాలా ప్రమాదం, బలవంతంగా లాగితే పిస్టను పట్టేస్తుంది.

ఆగిన మొదటి నిమిషంలోనే సాక్ష్యం ఉంటుంది. పది నిమిషాలు ఊరుకుంటే ట్యాంకులోకి గాలీ చేరుతుంది, కాయిలూ చల్లబడుతుంది. అప్పుడు రెండు జబ్బులూ ఒకేలా కనబడతాయి. నేను మోసపోయింది అక్కడే. అందుకని బోటు రాళ్ల మీదికో, ఒడ్డు అలల మీదికో పోకుండా ముందు లంగరో తెడ్లో చూసుకుని, వెంటనే బల్బు పట్టుకోండి. అణిగిపోయి ఉంటే బల్బుకు వెనక, అంటే ట్యాంకు వైపు, ఏదో మూసుకుపోయింది. గాలి కంత కావచ్చు, ట్యాంకు అడుగున పెట్రోలు పీల్చే గొట్టం జాలీ కావచ్చు, పైపు లోపలి పొర ఊడి అడ్డం పడి ఉండవచ్చు. మూత వదులు చేస్తే బుస్సుమంటే గాలి కంతే. మూత తీసినా బల్బు తేరుకోకపోతే జాలీ, పైపు చూడాలి. బల్బు అణగకుండా, ఊరికే మెత్తగా ఉండి, ఎంత నొక్కినా గట్టిపడకపోతే ఎక్కడో గాలి పీలుస్తోంది. జాయింట్లు, పైపు చివరి క్లిప్పులు చూడండి. ఆగబోతున్నప్పుడు ఒకరు బల్బు నొక్కుతూ ఉంటే మోటారు నడుస్తూనే ఉందనుకోండి, మోటారు మీది పంపు డయాఫ్రం బలహీనపడింది. బల్బు గట్టిగానే ఉండి మోటారు టక్కున ఆగితే అప్పుడు నిప్పు సంగతి చూడాలి. అదీ వేడి మీదే చూడాలి. ప్లగ్గు తీసి వైరుకు తగిలించి, ఇంజను ఇనుముకు ఆనించి తాడు లాగితే నిప్పు కనబడుతుంది. మూత తెరిచిన ట్యాంకు దగ్గర, పెట్రోలు చిమ్మిన చోట ఆ పని ఎప్పుడూ చేయవద్దు. అలల్లో ఊగే బోటులో కూడా వద్దు, ఒడ్డుకు చేరాక చేయండి. స్పార్కు టెస్టర్ కొనుక్కుంటే ఇంకా మంచిది.

ఏదీ తేలకపోతే నేను ఇప్పుడు చేసే పని ఒకటే. బాగున్న ట్యాంకూ, బాగున్న పైపూ తెచ్చి ఆ మోటారుకు తగిలించి, అదే బరువుతో, అంతే సేపు నీళ్లలో నడిపిస్తాను. జబ్బు పోతే పాత ట్యాంకులోనో పైపులోనో ఉంది. పోకపోతే మోటారులో ఉంది. ఒక్క రూపాయి సామాను కొనకుండా సగం అనుమానాలు తీరిపోతాయి. 2006లో నేనూ ట్యాంకు మార్చే నడిపించాను, కాని మార్చానని నాకే తెలియదు! ఒకసారికి ఒక్కటే మార్చాలి, ఏం మార్చామో తెలిసి మార్చాలి.

నీళ్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. మోటారు నడుస్తున్నంతసేపు పక్క నుంచి సన్నటి నీటి ధార పడుతూ ఉండాలి. అది ఆగితే మోటారు చల్లబడడం లేదు, వెంటనే ఆపేయాలి. ఈ రోజుల్లో ఎక్కువగా నీళ్లు పీల్చే కంతకు ప్లాస్టిక్ సంచి అడ్డం పడుతోంది. లేకపోతే నీటి పంపులోని రబ్బరు ఇంపెల్లర్ అరిగి ఉంటుంది. అనుమానముంటే ఇంజను తల మీద ఒక చుక్క నీరు వేయండి. చుయ్యిమంటే హద్దు దాటింది. నీళ్లు లేకుండా ఒడ్డు మీద మోటారు నడిపించి చూపించే కుర్రాళ్లున్నారు. ఆ కొద్ది సెకన్ల సరదాకే ఇంపెల్లర్ కాలిపోతుంది.

పెట్రోలు గురించి ఒక మాట. మా గురువుగారి కాలంలో ఈ తలనొప్పి లేదు. 2025 నాటికి మన దేశంలో బంకు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. సముద్రపు గాలిలో, సగం ఖాళీ ట్యాంకులో నిలవ ఉంచితే కొంతకాలానికి నీళ్లూ ఇథనాలూ కలిసి అడుగున వేరే పొరగా దిగిపోవచ్చు. పీల్చే గొట్టం ఉండేది అడుగునే. టూ స్ట్రోక్ మోటారుకు ఇది రెండింతలు చెడ్డది. మనం కలిపిన ఆయిల్ పైన పెట్రోలుతో ఉండిపోతుంది, అడుగు పొరలో దాదాపు ఉండదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం వర్తించే ఊళ్లలో, నిషేధం ముగిసిన వారంలో మోటార్లు మొరాయించడానికి పెద్ద కారణం ఈ నిలవ పెట్రోలే. కొంచెం పెట్రోలు గాజు సీసాలో పోసి ఒక గంట కదపకుండా ఉంచండి. రెండు పొరలు కనబడితే అది మోటారులో పోయవద్దు. పాత రబ్బరు పైపుల లోపలి పొర కూడా ఈ పెట్రోలుకు తొందరగా చెడుతుంది. తమిళనాడు వైపు కిరోసిను మోటార్లు నడిపే ఇళ్ల పిల్లలైతే, ఆపే ముందు కాసేపు పెట్రోలు మీద నడిపి ఆపమని మీ నాన్నలకు గుర్తు చేయండి. లేకపోతే కార్బురేటర్‌లో కిరోసిను నిలిచి మర్నాడు స్టార్టు కాదు.

నా షెడ్డులో ఇప్పుడొక పుస్తకం ఉంది. ఎవరు మోటారు తెచ్చినా ముందు అందులో రాస్తాను. ఎంతసేపు నడిచింది, ట్యాంకులో ఎంత ఉంది, ఎలా ఆగింది, మీరేం చేశారు, తర్వాత ఏమైంది. మాటలు తెలుగువి, అక్షరాలు ఒడియావి, నాకు వచ్చింది అదే. అది రాసేదాకా స్పానరు పట్టుకోను. కొందరు బోటువాళ్లు విసుక్కుంటారు, "డాట్టరు గారు మందు ఎప్పుడిస్తారు" అని ఎగతాళి చేస్తారు. చేయనివ్వండి.

పదో తరగతి తప్పగానే పిల్లవాణ్ణి తెచ్చి "నీ దగ్గర పెట్టుకో, రెంచీ పట్టడం నేర్పు" అనే తండ్రులు ఏటా నలుగురైదుగురు వస్తారు. మళ్లీ పరీక్ష రాయించి తీసుకురమ్మంటాను. ఆ తండ్రులకు నా మీద కోపం. నాకు బాయిల్ నియమం నేర్పిన పుస్తకం ధర కంటే, అది తెలియక మా చిన్నాన్న చేత కొనిపించిన కాయిల్ ధర ఎన్నో రెట్లు ఎక్కువని వాళ్లకు ఎలా చెప్పను?

బయట చెట్టు కింద పాత మోటారు ఒకటి, ట్యాంకు, పైపు, బల్బు తెచ్చి పెట్టించాను. ట్యాంకులో పెట్రోలు లేదు, నీళ్లే ఉన్నాయి, తల్లులు భయపడనక్కర్లేదు. గాలి కంత మూసి, బల్బు నొక్కుతూ పోతే అది చేతిలో ఎలా అణిగిపోతుందో ఎవరికి వారు చూడవచ్చు. ముందు నిండు ట్యాంకుతో నొక్కి చూడండి, తర్వాత సగం నీళ్లు వంపేసి మళ్లీ నొక్కండి, ఎన్ని నొక్కులకు అణిగిందో లెక్కపెట్టండి. భోజనాలయ్యాక నేను అక్కడే ఉంటాను. ఆడపిల్లలు కూడా రావాలి. మంచి బట్టలు వేసుకున్నవాళ్లు కొంచెం దూరంగా నిలబడండి, గ్రీజు మరక పోదు.